బావురుపిల్లి గెడ్డ దాటిన ఆదివారం

మొన్నొక సెలవురోజు మధ్యాహ్నం మా అమ్మాయి మోకాళ్ల దాకా బురదతో ఇంటికి వచ్చింది. కాలేజీ పిల్లలంతా కలిసి పొద్దున్నే బస్సెక్కి, సముద్రం వైపు ఎక్కడో చిత్తడి నేలలో చెత్త ఏరి, మొక్కలు నాటి వచ్చారట. గోపాలపట్నంలో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. ఆ కాళ్లు చూసి వాచ్‌మన్ లిఫ్టు ఎక్కనివ్వలేదని నవ్వుతూ చెప్పి, చెప్పులు గుమ్మం బయట వదిలేసి స్నానానికి వెళ్లిపోయింది. వాటిని కడుగుదామని వంగాను. ఉప్పునీళ్లూ కుళ్లిన ఆకులూ కలిసిన నల్లబురద వాసన ముక్కుకు తగిలింది. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు కూర్చుండిపోయాను.

తల తుడుచుకుంటూ వచ్చి, మేం వాలంటీర్లం అమ్మా అని గొప్పగా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు ఆ పని మేమూ చేశాం గానీ మాకు అంత మంచి పేరు ఎవరూ పెట్టలేదు. మమ్మల్ని గెడ్డ గుంటలు అనేవారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల, గెడ్డ అంటే వాగు. ఇంట్లో పని ఎగ్గొట్టి వాగులో పడి ఉండే ఆడపిల్లలని దాని అర్థం. అది మెచ్చుకోలు కానే కాదు.

మా ఊరు భీమిలికి ఇవతల, సముద్రానికి కాస్త లోపలగా ఉండేది. ఒక పక్క జీడితోటలు, ఇంకో పక్క సరుగుడు తోపులు, నడుమ వరిపొలాలు. కొండ మీంచి దిగిన గెడ్డ ఊరి వెనకనుంచి పొలాల అంచునే పారి, సముద్రాన్ని చేరేముందు వెడల్పై, నిదానించి, మడుగులా నిలబడేది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లు అక్కడిదాకా ఎగదన్నేవి. ఆ మడుగుకి రెండు గట్ల మీదా మొగలి పొదలు. మనిషి లోపలికి దూరితే బయటివాళ్లకి కనిపించనంత దట్టంగా ఉండేవి. వేళ్లు ఊతకర్రల్లా గాల్లోంచి దిగి బురదలో పాతుకుపోయేవి. ఆకుల అంచులు రంపాలే. ఒకసారి లోపలికి వెళ్లొస్తే చేతులనిండా ఎర్రటి గీతలు, వాటిమీద అమ్మ రాసే పసుపూ కొబ్బరినూనే, ఆ మంటకి మా ఏడుపూ.

వానలు పడగానే పొదలు పూసేవి. పువ్వు కనిపించేది కాదు, వాసనే ముందు వచ్చేది. బడిలో కూర్చుంటే కిటికీలోంచి, అన్నం తింటుంటే పెరట్లోంచి. గాలి తిరిగినప్పుడల్లా ఊరంతా ఒకసారి తల ఎత్తేది. మొగలిపువ్వు అబద్ధం ఆడినందుకు శివుడు పూజకి పనికిరావు పొమ్మన్నాడని, అందుకే దానికి పాముల కాపలా పెట్టాడని నాన్నమ్మ ఏటేటా చెప్పేది. దేవుడికి పనికిరానిది మనకెందుకని మూతి తిప్పి, మూడో రోజుకల్లా తన చీరల పెట్టెలో అడుగున రేకులు పరుచుకునేది. మేం ఆ రేకులు దొంగిలించి జడలో కుట్టించుకునేవాళ్లం. ఒకసారి మా మాస్టారి హాజరుపట్టీలో పెట్టాం. ఆయన పట్టీ తెరిచి, పేర్లు పిలవడం మానేసి, కాసేపు అలా పట్టుకుని కూర్చున్నారు.

ఆ వాసన కోసమే అత్తరు తాత వచ్చేవాడు. విశాఖలో పాత ఊళ్లో ఆయనకి చిన్న కొట్టుండేది. తాతల నాటినుంచీ వాళ్లది అత్తర్ల వ్యాపారమే. వానలు మొదలవగానే భీమిలి బస్సు మీద రాగిపాత్రలు వేసుకుని దిగేవాడు. పువ్వు కోసిన పూటే వండాలి, పట్నం మోసుకెళ్తే సగం వాసన దారిలోనే పోతుందని ఆయన లెక్క. అందుకని గట్టు మీదే పాక వేసుకుని నెలపైన ఉండిపోయేవాడు. పెద్ద రాగి దేగిసాలో పువ్వులు, నీళ్లు పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, దాన్నుంచి వెదురుగొట్టం తీసి ఇంకో పాత్రలోకి పెట్టేవాడు. ఆ రెండో పాత్ర గెడ్డనీళ్లలో చల్లగా కూర్చునేది. కింద సరుగుడు పుల్లల మంట. ఆ మంట పెరగకూడదు, తగ్గకూడదు. మేం బూడిదలో మొక్కజొన్న పొత్తులు, పచ్చి జీడిపిక్కలు కాల్చుకునేవాళ్లం. జీడి చమురు అంటి పెదాలు పొక్కేవి, అయినా మానేవాళ్లం కాదు. ఆయన బస్సులో తెచ్చుకున్న బేకరీ బన్నులు సంచిలోంచి మాయమైతే ఎవరు తీశారని అడిగేవాడు కాదు. మర్నాటికి ఇంకొన్ని ఎక్కువ తెప్పించేవాడు.

మా జట్టు పుట్టింది మా అత్త వల్ల. అత్త అంటే నాన్న చెల్లెలు. ఇంటరు చదివి, భీమిలి వెళ్లి టైపు నేర్చుకుని వస్తుండేది. నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేస్తే అవతలి గట్టు మీద గేదెలు మేత మాని చూసేవి. ఒక వేసవిలో మడుగంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. నీళ్లు కనపడడం మానేశాయి, చేపలు చచ్చి తేలాయి, దూడ ఒకటి పచ్చగా ఉందని అడుగేసి మునిగిపోబోయింది. పంచాయతీ చేస్తుందని ఊళ్లో అందరూ అనుకున్నారు, చేయిస్తామని పంచాయతీ వాళ్లూ అన్నారు. అత్త ఒకరోజు టైపు క్లాసునుంచి వచ్చి, లంగా మోకాళ్ల పైకి దోపుకుని, తాటిమట్ట ఒకటి పట్టుకుని నీళ్లలోకి దిగిపోయింది. మగపిల్లలకి క్రికెట్టు ఉంది. మాకేం లేదు. మేం దిగాం.

ఆ వేసవంతా లాగాం. లాగిన డెక్క గట్టుమీద ఎండి ఎరువైతే నాన్నమ్మ తన బీరపాదులకి మోయించుకుంది. నీళ్లు కనపడగానే ఎక్కడినుంచి వచ్చాయో నీటికోళ్లు వచ్చాయి. వాటిని కొట్టడానికి వచ్చే కుర్రాళ్ల పంగలకర్రలు లాక్కుని గెడ్డలో పారేయడం మా రెండో పని అయింది. పొదలు పలచబడ్డ చోట పిలకలు తెచ్చి నాటడం మూడోది. అత్తరు తాత కూడా మాతో దిగేవాడు. లుంగీ ఎగ్గట్టి, టోపీ తీసి పాక గుంజకి తగిలించి, తన సొంత తోటకి చాకిరీ చేస్తున్నట్టు నాటేవాడు. ఒక్కో పొదలో కొన్ని పువ్వులు కోయకుండా వదిలేసేవాడు. ఎందుకంటే, అన్నీ మనమే తీసుకుంటే మర్యాదగా ఉండదు బేటీ అనేవాడు.

ఇక అసలు సంగతి. ఆ మరుసటి వానాకాలంలో పెదనాన్న బాతులు పోవడం మొదలైంది.

పెదనాన్న నాన్నకి అన్న. గట్టు పక్క పొలమంతా ఆయనదే. ఊళ్లో ఏ తగువొచ్చినా ఆయన అరుగు మీదే తీరేది. గట్టిగా మాట్లాడేవాడు, ఒక మాట అన్నాక వెనక్కి తీసుకునేవాడు కాదు. బాతులంటే మాత్రం ప్రాణం. సాయంత్రం అవి వరసగా గెడ్డలోంచి ఇంటికి వస్తుంటే ఎదురెళ్లి, ఒక్కోదాన్ని పలకరించి గూటిలోకి పంపేవాడు. అలాంటిది పొద్దున్నే గూడు తెరిస్తే ఒకటి తక్కువ. నాలుగు రోజులాగి ఇంకొకటి. మెత్తటి మట్టిలో అడుగుల గుర్తులు. కుక్కవి కావు, గోళ్లు పడలేదు.

టీకొట్టు దగ్గర ఎవరో పులిపిల్ల అన్నారు. సాయంత్రానికి పులే అయింది. మర్నాడు బడిలో మా పక్కబల్ల పిల్ల దాని కళ్లు పచ్చగా మెరవడం తన చిన్నాన్న చూశాడని చెప్పింది. మాకు భయం వేయలేదు. గుండెలు ఎగిరెగిరి పడ్డాయి. మా గెడ్డలో పులి ఉంది. పట్నంలో ఎవరికుంది అలాంటిది. పెద్దవాళ్లకి మాత్రం భయమే. చిన్నపిల్లల్ని సందు దాటనివ్వలేదు. ఆడవాళ్లు నీళ్లకి గుంపులుగా వెళ్లారు. పెదనాన్న అరుగు మీద అందరూ కూడి, వచ్చే ఆదివారం రెండు గట్ల మీదా మొగలి పొదలు నరికి, ఎండాక కాల్చేయాలని తేల్చారు. ఆదివారమైతే పోర్టుకీ, స్టీలుప్లాంటుకీ పనికెళ్లే మగవాళ్లంతా ఇళ్ల దగ్గర ఉంటారు.

అత్త ఎదురు చెప్పింది. పొదలు పోతే గట్టు నిలబడదంది, పక్షులు పోతాయంది, తాత పొట్ట కొట్టడమే అంది. పెదనాన్న అంతా విన్నాడు.

"పిల్లలు తిరిగే సోట పులున్నాదంటే నాను సూత్తా కూకోమంటావేటే?" అన్నాడు.

పెదనాన్న ఇంట్లో పాకే పసివాడు ఒకడున్నాడు, ఆయన మనవడు. ఆ మాట వాణ్ని చూస్తూనే అన్నాడు.

అత్తరు తాత ఆ అరుగు చివర కూర్చుని ఉన్నాడు. టోపీ తీసి తల తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు మాత్రం అత్తని పిలిచి, తాను పొద్దున్నే పువ్వు కోయడానికి వెళ్లినప్పుడల్లా అవతలి గట్టున నీళ్లలోకి ఏదో దూకిన చప్పుడు వింటున్నానని, అదేదో కళ్లతో చూశాకే తిట్టుకుందామని చెప్పాడు.

మర్నాడు తెల్లవారేసరికి అత్తా నేనూ పాక పక్కన సరుగుడు పుల్లల మోపు వెనక దూరి కూర్చున్నాం. వాన వెలిసింది. ఆకుల మీంచి చుక్కలు పడుతున్నాయి. నీళ్లు బూడిదరంగులో ఉన్నాయి. కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అత్త నా చెయ్యి పట్టుకుంది.

అవతలి గట్టున మొగలి వేళ్ల మధ్యనుంచి అది బయటికి వచ్చింది. పులి కాదు. ఇంటిపిల్లికి రెండింతలుంది. బూడిదరంగు ఒళ్లు, దాని మీద వరసలుగా నల్లమచ్చలు, పొట్టి తోక, వెడల్పాటి మొహం. నీటి అంచున కూర్చుని, ముందుకాలు చాచి నీళ్లమీద మెల్లగా తట్టింది. ఎవరో తలుపు తట్టినట్టు. ఆగింది. మళ్లీ తట్టింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు కనిపించలేదు, అంత వేగం. నీళ్లు పగిలిన చప్పుడు, ఒక తెల్లటి మెరుపు. పైకి వచ్చేసరికి నోట్లో కొరమేను కొట్టుకుంటోంది. పిల్లి నీళ్లలో దూకడం నేనెప్పుడూ వినలేదు, చూడలేదు. అరవబోతే అత్త నా తొడ గిల్లింది. ఆ గిల్లుడు మచ్చ వారం ఉంది. ఇంతలో వేళ్లలోంచి రెండు పిల్లలు తూలుకుంటూ వచ్చి చేప మీద పడ్డాయి. ఒకటి తోక పట్టి లాగుతోంది, ఇంకొకటి దాని మీదెక్కి జారుతోంది. అత్త మోకాళ్ల మీద మొహం పెట్టుకుని వణుకుతోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది.

ఇంటికి పరుగెట్టుకు వెళ్లాం. నాన్నమ్మ చోడంబలి, అంటే రాగిపిండి అంబలి, కలుపుతోంది. మేం చెప్పింది విని, అది బావురుపిల్లి, తన పెళ్లయిన కొత్తలో కూడా ఉండేదని, మధ్యలో కనపడడం మానేసిందని తీరిగ్గా చెప్పింది. ఎండుమెత్తళ్ల చేపలు నంజుకుంటూ అంబలి తాగేదాకా అత్త ఆగలేకపోయింది. ఆ గిన్నెతోనే పెదనాన్న ఇంటికి వెళ్లింది. అది పులి కాదని, మనుషుల జోలికి రాదని, చేపలే తింటుందని, తాను కళ్లారా చూశానని చెప్పింది.

పెదనాన్న వేపపుల్ల నములుతూ విన్నాడు. "సేపలు తినీది బాతుని వదిలీత్తాదేటి?" అన్నాడు.

వచ్చి చూడమని బతిమాలింది. తనకి పనులున్నాయని, ఆదివారం అంటే ఆదివారమేనని పొలానికి వెళ్లిపోయాడు.

శనివారం మా జట్టు నాన్నమ్మ ధాన్యపు గదిలో సమావేశమైంది. అత్త ఏవేవో చెప్పింది గానీ, కత్తులు లేకపోతే ఎలా నరుకుతారన్న ఆలోచన మాత్రం మా పిల్లలదే. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తున్నప్పుడు ఎవరింట్లోవి వాళ్లం కొడవళ్లు, మచ్చుకత్తులు గోనెసంచుల్లో చుట్టి తెచ్చి ఊకపోగు కింద పాతేశాం. తిరిగి చూస్తే గుమ్మంలో నాన్నమ్మ. మేమంతా రాళ్లయిపోయాం. ఆవిడ పీట తెచ్చి ఆ ఊకపోగు ముందు వేసుకుని, చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. సాయంత్రం పెదనాన్న వచ్చి కత్తి ఎక్కడుందమ్మా అని అడిగితే, ఆ వయసులో తనకి ఏవి గుర్తుంటాయని విసుక్కుంది.

అయినా ఆదివారం వచ్చింది. పక్క ఊరినుంచి కొన్ని కత్తులు తెచ్చారు. ఎనిమిదింటికల్లా మగవాళ్లంతా గట్టు మీదికి చేరారు, వెనక ఆడవాళ్లు, పిల్లలు. నాన్న కూడా ఉన్నాడు. అన్న మాట కాదనలేడు, చెల్లెలి మొహం చూడలేడు. పొదల్లోకి వెళ్లే దారి ఒకటే, అది అత్తరు తాత పాక ముందునుంచి పోతుంది. ఆ దారికి అడ్డంగా అత్త నిలబడింది. ఆమె వెనక మేం. భయంగానే ఉంది, అయినా ఆ భయం కూడా బాగుంది.

తప్పుకోమన్నాడు పెదనాన్న. అత్త కదల్లేదు. అప్పుడు అత్తరు తాత లేచి వచ్చాడు. పెదనాన్నా ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు, ఎన్నో ఏళ్లుగా.

"బావా, నీ ఊరు, నీ గట్టు. నానేటనగలను? పొయ్యి మీద దేగిసా ఉన్నాది, పువ్వు సగం ఉడికినాది. దుమ్ము రేగితే పాడైపోతాది. అది దించీవరకూ ఈ పక్కకి రావద్దు, అంతే," అన్నాడు.

ఈ సీజనుకి అదే చివరి వంట అయ్యేలా ఉందని ఆయన అనలేదు. అందరికీ తెలుసు. పెదనాన్న సరే, అవతలి గట్టునుంచే మొదలెడదామని మనుషుల్ని తీసుకుని మోకాలిలోతు నీళ్లు దాటాడు. అత్త మొహం పాలిపోయింది. పిల్లి ఉన్నది ఆ గట్టునే.

కత్తుల చప్పుడు మొదలైంది. మొగలి కొమ్మ నరికితే తడిగా, మెత్తగా శబ్దం వస్తుంది. ఒక పొద పడింది. రెండోది పడింది. నీటికోళ్లు కేకలేస్తూ లేచిపోయాయి. అత్త నీళ్లలోకి పరుగెత్తింది, నేనూ ఆమె వెనకే. మేం నడుమకి చేరేసరికి ముందున్న మనిషి కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

వేళ్ల గుబురులోంచి ఆ పిల్లి బయటికి వచ్చింది. పట్టపగలు, అంతమంది ముందు. నోట్లో మెడ పట్టుకుని ఒక పిల్ల వేలాడుతోంది. చుట్టూ చూసింది. పారిపోవడానికి ఒక్క దారే ఉంది, నీళ్లు. నీళ్లలోనేమో మేం ఉన్నాం. ఒక్క క్షణం ఆగి, తల పైకెత్తి పిల్లని తడవనివ్వకుండా పట్టుకుని, గెడ్డలోకి దిగింది. ఈదుకుంటూ, నీళ్లలో నిలబడ్డ పెదనాన్న పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వెళ్లింది. ఆయన కదల్లేదు. ఇవతలి గట్టెక్కి, ఒళ్లు దులుపుకోకుండానే పొదల్లోకి మాయమైంది.

అప్పుడు వినిపించింది, నరికిన పొదల వెనక సన్నటి అరుపు.

"రెండోది ఇక్కడే ఉండిపోనాది అన్నియ్యా," అంది అత్త. "మనం ఇక్కడుంటే అది రాదు."

పెదనాన్న ఆ అరుపు వచ్చేవైపు చూశాడు. కత్తి మొలలో దోపుకున్నాడు.

"అందరూ ఎనక్కి రాండి. గట్టెనక కూకోండి. బీడీలార్పీండ్రా," అన్నాడు.

మగవాళ్లు ఇవతలికి దాటి వచ్చాక ఊరంతా పాక వైపు గట్టు వెనక చతికిలబడింది. చంటిపిల్లల తల్లులు వాళ్ల నోటికి రొమ్మందించారు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఎండ వచ్చింది, పోయింది. రెండో పిల్ల అరిచి అరిచి ఆగేది, మళ్లీ మొదలెట్టేది. అరుపు ఆగినప్పుడల్లా అత్త వేళ్లు నా భుజంలో దిగేవి. దాన్ని మేమే తెచ్చి ఇవతల పెడదామా అని ఎవరో గుసగుసగా అంటే, మన చెయ్యి తగిలితే తల్లి ముట్టదేమోనని అత్తరు తాత తల అడ్డంగా ఊపాడు. ఆయన పొయ్యి మీద దేగిసా వదిలేసి వచ్చి మా వరసలోనే కూర్చున్నాడు. మంట ఎవరూ చూడడం లేదు. వెదురుగొట్టం చివర్లో ఎక్కడో సందు పడి ఆవిరి బయటికి వచ్చేసింది. గాలి తిరిగి, ఆ మొగలి వాసన ఒక్కసారిగా మా అందరి మీదా పడింది. అంత వాసన నేను మళ్లీ ఎరగను. పీలిస్తే గొంతులో తియ్యగా తగిలింది. ఆ ఏడాది పంటలో ఒక పూటది అలా గాలిలో కలిసిపోతుంటే తాత వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

అది వచ్చింది. ఇవతలి పొదల్లోంచి తల బయటపెట్టి చాలాసేపు చూసింది. నీళ్లలోకి దిగింది. చెవులు మాత్రమే కనపడుతూ ఈదింది. నరికిన కొమ్మల మధ్య వెతుక్కుంది, దారి మారిపోయింది కదా పాపం. అరుపు ఆగింది. మళ్లీ కనిపించేసరికి రెండోది నోట్లో ఉంది. ఈసారి తొందరపడలేదు. నడుమ లోతులో పిల్ల కాళ్లు నీళ్లకి తగిలితే తల ఇంకా పైకెత్తింది. గట్టెక్కింది. వెళ్లిపోయింది.

అత్త ఈల వేయబోయి రెండు వేళ్లూ నోట్లోనే ఉంచేసుకుంది. మేం పిల్లలం మాత్రం ఆగలేక గట్టుమీద పడి దొర్లాం.

పెదనాన్న లేచి నీళ్లు దాటి వెళ్లాడు. ఆ వేళ్ల గుబురులోకి వంగి చూసి, గుప్పెడు ఏవో ఏరుకుని తెచ్చి అత్త ముందు చెయ్యి తెరిచాడు. తెల్లటి బాతు ఈకలు.

"సేపలే తింటాదన్నావు," అన్నాడు.

ఊరంతా చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసి, చివరికి ఓడిపోయామనుకున్నాను. పెదనాన్న ఆ ఈకలు కాసేపు చూసుకున్నాడు. ఏ బాతువో ఆయనకి తెలిసే ఉంటుంది. తర్వాత వాటిని నీళ్లలోకి వదిలేశాడు.

"పిల్లల తల్లి. ఏటి సేత్తాది," అన్నాడు. "గూడు నానే గట్టిగా కట్టుకుంటాను. పదండి, ఆకలేత్తన్నాది."

ఒకరిద్దరు నసిగారు. పాముల సంగతేమిటన్నారు. పాములు తన తాత నాడూ ఉన్నాయి, తాతని కరిచింది మాత్రం కుక్కేనని పెదనాన్న అన్నాడు. దాంతో నవ్వు మొదలై, నవ్వుతూనే అందరూ ఇళ్లకి నడిచారు. నాన్నమ్మ ఊకపోగు తవ్వి ఎవరి కొడవళ్లు వాళ్లకి పంచిపెట్టింది, పెళ్లిలో తాంబూలాలు ఇచ్చినట్టు.

పెదనాన్న బాతులగూటికి వెదురు తడికెలు రెండు పొరలు కట్టాడు. ఆ తర్వాత మా జట్టుకి ఆయనే తలనొప్పి. నరికిన చోట ఆయనే పిలకలు నాటించాడు, వంకరగా నాటారని పీకించి మళ్లీ నాటించాడు. గెడ్డలో విషం కలిపి చేపలు పట్టడానికి వచ్చినవాళ్లని పొలిమేర దాటేదాకా తరిమాడు. భీమిలి సంతలో కనపడ్డవాళ్లందరికీ మా పిల్లి, మా పిల్లి అని చెప్పుకునేవాడు. అది కొన్నాళ్లకి పాత గట్టుకే తిరిగొచ్చింది. పిల్లలు రెండూ పెరిగి నీళ్లు తట్టడం నేర్చుకోవడం మేం సరుగుడు మోపు వెనకనుంచి చూశాం. మొదటిసారి దూకినప్పుడు ఒకదానికి చేపకి బదులు తాటిమట్ట ముక్క దొరికింది. దాన్నే నోట కరుచుకుని గర్వంగా ఒడ్డుకి వచ్చింది.

ఇప్పుడు అక్కడ ఇవేవీ లేవు. సరుగుడు తోపులు ప్లాట్లయ్యాయి, రోడ్డు వెడల్పయింది, గెడ్డని సిమెంటు కాలవలో పెట్టారు. పెదనాన్న బతికున్నన్నాళ్లూ గట్టు పక్క చెక్క అమ్మనివ్వలేదు, ఆ తర్వాత ఆపేవాళ్లు లేకపోయారు. అత్తరు తాత కాళ్లు పట్టేసి రావడం మానేశాడు, ఆయన పోయాక కొడుకులు రాగిపాత్రలు అమ్మేశారు. అత్త పట్నంలో ఉద్యోగం చేసి రిటైరై పెందుర్తిలో ఉంటోంది. కలిసినప్పుడు మేం ఆ రోజు గురించి మాట్లాడుకుంటాం. తను ఎప్పుడూ పిల్లి సంగతే చెబుతుంది, దాని కళ్లు, దాని ఈత.

నేను అత్తకి ఎప్పుడూ చెప్పలేదు గానీ, గట్టు వెనక కూర్చున్న ఆ సేపంతా, పిల్లి తల బయటపెట్టేదాకా, నేను గెడ్డకేసి చూడనే లేదు. మావాళ్లనే చూశాను. పోర్టులో ఇనుము మోసి వచ్చిన భుజాలు, ఫర్నేసు దగ్గర మాడిన మొహాలు, ఎప్పుడూ కేకలేసుకుంటూ బతికే మనుషులు, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని, ఊపిరి బిగబట్టి ఉన్నారు. నాన్నకి దగ్గు వస్తోంది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, మొహం ఎర్రబడిపోయింది, అయినా దగ్గలేదు. పక్కన పెదనాన్న ఆయన వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా, చప్పుడు కాకుండా రాస్తున్నాడు.